కొళాయి పక్క కుర్చీ

మా కమిటీకి ఉన్న ఆస్తి మొత్తంలో పనికొచ్చింది ఒక్క కుర్చీ. ఇనప మడత కుర్చీ. ఆకుపచ్చ రంగు వేసి, వీపు వెనక తెల్లటి అక్షరాలతో టౌన్ ఆఫీసు గుర్తూ, దాని కింద ఏదో నంబరూ రాసి ఉండేవి. మడిచేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే వేలు నలిగేది. నా చూపుడు వేలి గోరు ఒకసారి నల్లబడి ఊడిపోయింది కూడా. ఆ కుర్చీని నేను తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో అలాంటి కుర్చీలు వరసగా వేసి కనిపిస్తే మాత్రం నాకు కూర్చోబుద్ధి కాదు. గోడవారగా నిలబడే భోజనాల పిలుపు కోసం చూస్తాను.

అప్పటికి జంషెడ్‌పూర్ మాకు కొత్త కాదు. మావారు లారీలు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే విభాగంలో ఉండేవారు. టెల్కో కాలనీలో క్వార్టరు, నీళ్ళకు లోటు లేదు, కరెంటుకు లోటు లేదు. మాది విజయనగరం వైపు. కాలనీలో తోటి ఇల్లాళ్ళు ఊలు అల్లుతూ కబుర్లు చెప్పుకునే వేళకి నేను షిఫ్టు బస్సు ఎక్కి స్టేషన్ వైపు దిగి, అక్కణ్ణించి రిక్షాలో పర్సుడీహ్ వెళ్ళేదాన్ని. అక్కడ మన శ్రీకాకుళం వాళ్ళుండే ఒక వీధిలో ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పే క్లాసు నడిపేదాన్ని. సేవాభావం అనుకునేరు. ఇంట్లో ఉంటే నాకు కోపం ఎక్కువయ్యేది, బయటికి వెళితే అది ఎవరికో ఒకరికి ఉపయోగపడేది, అంతే. మావారు నవ్వుతూ, "నువ్వు ఊరి మీద పడ్డాక ఇంట్లో నాకు కాస్త హక్కులొచ్చాయి" అనేవారు.

ఆ వీధిలో రెండు వరసల ఇళ్ళు. రెండు వరసల వాళ్ళూ ఒకే జిల్లా నుంచి, ఇంచుమించు ఒకే రైల్లో వచ్చినవాళ్ళు. ఒకే యాస, ఒకే అమ్మవారు, సంతలో కొనే ఎండు చేపలు కూడా అవే. ఎదర వరస వాళ్ళు గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు. ఇవతలి వరస వాళ్ళు కాంట్రాక్టరు కింద టౌను రోడ్లు ఊడ్చేవాళ్ళు. కులం వేరు. వీధి చివర కొళాయి మాత్రం ఒక్కటే.

ఆ కొళాయిని ఊడ్చేవాళ్ళ వరస ముట్టుకోకూడదు. అలా అని ఎక్కడా రాసి లేదు, ఎవరూ గట్టిగా అననూ అనరు. వీళ్ళు బిందెలు తెచ్చి కాస్త దూరంలో వరసగా పెట్టి నిలబడతారు. ఎదర వరస ఆడవాళ్ళు తమ బిందెలు నింపుకున్నాక, మనసు బాగుంటే, ఒక చెంబుతో నీళ్ళు పట్టి ఎత్తునుంచి వీళ్ళ బిందెల్లో పోస్తారు. మనసు బాగోకపోతే నీళ్ళ టైము అయిపోతుంది. వీళ్ళ పిల్లలెవరైనా తెలియక కొళాయి పట్టుకుంటే బూడిదతో తోమి, మూడు చెంబులు పోసి కడుగుతారు. మొదటిసారి నేనది చూసినప్పుడు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఏడెనిమిది వందల కిలోమీటర్లు రైల్లో వచ్చిన మనుషులు సత్తు గిన్నెలతో పాటు దీన్ని కూడా మూటగట్టుకుని ఎందుకు తెచ్చుకున్నారో నాకు అర్థం కాలేదు.

నా క్లాసుకి వచ్చేవాళ్ళలో పెద్దామె ఒకావిడ ఉండేది. మా వైపు అక్కని అప్ప అంటాం, నేను ఆమెని అప్పా అనేదాన్ని. భర్త లేడు, కొడుకూ తనూ రోడ్లు ఊడ్చేవాళ్ళు. కోడలు జంషెడ్‌పూర్లోనే పుట్టి పెరిగింది, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. అప్పకి అక్షరాలు ఒక పట్టాన రాలేదు. "నాకు సదువెందుకు పంతులమ్మా, ఇలగ నీ దగ్గిర కూకుంటే సాల్దేటి" అనేది. ఆమె పలక మీద గీసిన గీతలకంటే ఆమె నాకు చెప్పిన కబుర్లే ఎక్కువ. తెల్లవారకముందే రోడ్డు మీదికి వెళ్ళి, దుమ్ములో మునిగి ఇంటికొచ్చి, ఒళ్ళు కడుక్కోడానికి ఇంకొకళ్ళు పోసే నీళ్ళ కోసం నిలబడడం ఆమె కష్టం. అది కష్టమని ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. నేనే చూశాను.

ఊళ్ళో మత గొడవలు జరిగి, కర్ఫ్యూలు పెట్టి, అవి చల్లారాక పైన ఎవరికో ఒక ఆలోచన వచ్చింది. టౌన్ ఆఫీసు కింద పేట పేటకీ పౌర హక్కుల కమిటీ ఒకటి ఉండాలనీ, మనుషుల మధ్య తగువులు ముదరకముందే అది చూసుకోవాలనీ. దానికి ప్రభుత్వం ఏటా కొంత గ్రాంటు ఇస్తుంది. ఒక గది, ఒక రేకు బోర్డు, ఒక ప్యూను, సభ్యులకి బస్సు ఖర్చులు, ఒక మడత కుర్చీ. ఆడవాళ్ళ తరఫున ఎవరో ఒకరు కావాలంటే, అక్షరాల క్లాసు పుణ్యమా అని నా పేరు వేశారు. మిగతా సభ్యుల్లో చాలామంది బోర్డు తగిలించిన రోజున ఫోటోకి నిలబడి, మళ్ళీ కనిపించలేదు.

కనిపించినవాడు ఒక్కడే, మా అధ్యక్షుడు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయిన మనిషి. బరంపురం వైపు తెలుగువాడు. అందరూ గార్డుబాబు అనేవాళ్ళు. సన్నగా, నిటారుగా, ఎండాకాలంలో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉండేవాడు. ఆయనకి నెమ్మది ఎక్కువ, నాకు తొందర ఎక్కువ. మా ఇద్దరికీ వారానికొకసారైనా మాటా మాటా వచ్చేది. నేను కొళాయి సంగతి చెప్పిన రోజున ఆయన, "ముందు కాయితం పెట్టిద్దాం" అన్నాడు.

ఆ కాగితం పెట్టినవాడు ఊడ్చేవాళ్ళ వరసలోని ఒక యువకుడు. వేలిముద్ర వేశాడు. ఆ కాగితం టౌన్ ఆఫీసులో నాలుగు బల్లలు తిరిగేసరికి వాడి పేరు కాంట్రాక్టరు చెవిన పడింది. ఎదర వరస పెద్దమనిషికీ, కాంట్రాక్టరుకీ స్నేహం. మర్నాడు వాణ్ణి పనిలోంచి తీసేశారు. వాడు పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని సువర్ణరేఖ నది దాటి మాంగో వైపు ఎక్కడికో వెళ్ళిపోయాడు. గార్డుబాబు వాడి కోసం మాంగోలో చాలా సార్లు వెతికాడు, దొరకలేదు. ఆ తరవాత ఆయన ఒక నిర్ణయం చేసుకున్నాడు. పేరు బయటపడే ఫిర్యాదు మనం ఎవరిచేతా రాయించకూడదు. కాగితం లేకుండా అయ్యే పని కాగితం లేకుండానే చెయ్యాలి.

"మరెలా చేస్తారండీ?" అని విసురుగా అడిగాను.

"ఎల్లి కూకుందాం" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే ఆయన మా గదిలోని మడత కుర్చీని చంకన పెట్టుకుని, కొళాయి పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. న్యాయం చెప్పలేదు, బెదిరించలేదు. నీళ్ళొచ్చినంతసేపూ అక్కడ కూర్చుని, బిందె తెచ్చినవాళ్ళని వచ్చిన వరసలో, "రామ్మా, నీదే" అని పిలిచాడు. ఊడ్చేవాళ్ళ వరస నుంచి మొదటి రోజు ఎవరూ కదల్లేదు. రెండో రోజూ కదల్లేదు. సాయంత్రం నీళ్ళకి నేను కూర్చునేదాన్ని. ఎదర వరస ఆడవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, మూతులు ముడుచుకుని బిందెలు నింపుకునేవాళ్ళు. కుర్చీ వీపు మీద సర్కారు గుర్తు లేకపోతే నన్ను అప్పుడే లేపేసేవాళ్ళని నాకు తెలుసు. ఆ గుర్తు ఉంది కాబట్టి, నా వెనక ఏ పోలీసు ఉన్నాడో, ఏ కలెక్టరు ఉన్నాడో అనుకున్నారు. నిజానికి నా వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ముందుగా కదిలింది అప్పే. ఒక సాయంత్రం బిందె పట్టుకుని నా దాకా వచ్చి ఆగింది. "నాను తిప్పనా పంతులమ్మా?" అంది. తిప్పు అన్నాను. చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు తిప్పింది. బిందె నిండి పొర్లుతున్నా కట్టెయ్యడం మర్చిపోయి చూస్తూ నిలబడింది. ఎదర వరసామె, "నీల్లు పోతన్నాయి, కట్టెయ్యే" అని కసిరింది. ఆ కసురుకి అప్ప నవ్వింది. కసిరినా, తనతో నేరుగా మాట్లాడారని కాబోలు.

ఆ తరవాత కూడా వాళ్ళు కొళాయిని కడిగేవాళ్ళు. అప్ప పట్టుకుని వెళ్ళగానే బూడిద, చెంబు. గార్డుబాబు దానికీ ఏమీ అనలేదు. కూర్చున్నాడు. వానల్లో గొడుగు వేసుకుని కూర్చున్నాడు, చలికాలం మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. నాకైతే ఆ బూడిద చిప్ప లాక్కుని విసిరేద్దామని చాలాసార్లు అనిపించింది. "ఏటమ్మా నీకంత తొందర. కడగనీ. చలికాలం పొద్దున్నే కడగడం వాళ్ళకీ కష్టమే" అనేవాడు. నిజంగానే ఆ చలికాలంలో కడగడం కాస్త కాస్తగా తగ్గింది. ఒకళ్ళు మానేస్తే ఇంకొకళ్ళు మానేశారు. ఎండాకాలం వచ్చేసరికి, తోమేవాళ్ళు లేక, ఇత్తడి కొళాయి మీద ఆకుపచ్చటి మకిలి పట్టింది. గార్డుబాబు నన్ను పిలిచి ఆ మకిలి చూపించాడు. ఆయన మొహం అంత సంతోషంగా ఉండడం నేను అదొక్కసారే చూశాను.

ఆ యేడే పై నుంచి కబురొచ్చింది. ఇలాంటి కమిటీలకు ఊరికే గ్రాంటు ఇస్తున్నామనీ, ఏ కమిటీ ఏం చేసిందో చూసి, అవసరమైనవాటినే ఉంచుతామనీ. చూడడానికి, అప్పట్లో మా రాజధాని అయిన పాట్నా నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇప్పటికీ ఇంత బాధ ఉండేది కాదు. మర్యాదస్తుడు. ప్యూను తెచ్చిన టీ తాగి, కప్పు తనే బల్ల మీద సర్ది పెట్టాడు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు అని అడిగాడు. గార్డుబాబు, రాతలో ఉన్నది ఒక్కటే, అది కూడా మాకు సిగ్గుచేటైన సంగతి అన్నాడు. మాంగో వెళ్ళిపోయిన యువకుడి కథ చెప్పాడు. కుర్చీ సంగతి చెప్పాడు. కొళాయి మకిలి సంగతి కూడా చెప్పాడు.

అధికారి ఓపికగా విన్నాడు. హిందీలో, మెల్లిగా, "మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది. కానీ కొళాయి మీద మకిలి పట్టిందని నేను పైకి ఎలా రాయను?" అన్నాడు. తరవాత తనే ఒక దారి చూపించాడు. రేపు ఆ వీధికి వస్తాను, వాళ్ళనే అడుగుతాను, ఇంతకుముందు ఇలా ఉండేది, కమిటీ లేకపోతే మళ్ళీ అలాగే అవుతుంది అని వాళ్ళు ఒక్క మాట అంటే చాలు, ఆ మాట మీద గ్రాంటు నిలబెడతాను అన్నాడు. అంతకంటే న్యాయం ఏముంటుంది. నేను కూడా అలాగే అనుకున్నాను.

ఆయన వెళ్ళాక నేను గార్డుబాబుతో, వీధిలోకి వెళ్ళి అప్పకీ మిగతావాళ్ళకీ రేపు ఏం చెప్పాలో చెప్పి వస్తాను అన్నాను. ఆయన వద్దన్నాడు.

"మనం నేర్పి చెప్పిస్తే అది మన మాట అవుద్ది. మన మాట ఆయన ఇందాకే విన్నాడు. వాళ్ళ మాట కోసం కదా వస్తన్నాడు."

"వాళ్ళు సరిగ్గా చెప్పకపోతే?"

"ఉన్నది చెప్పడానికి నేర్పాలేటమ్మా?" అన్నాడు. నేను గట్టిగా వాదించాను, ఆయన ఒప్పుకోలేదు. అధ్యక్షుడి మాట కాదని వెళ్ళడం నాకు చేతకాలేదు. కానీ పాట్నా నుంచి అధికారి వస్తున్నాడన్న కబురు మాత్రం ప్యూను నోటి వెంట ఆ సాయంత్రమే వీధికి చేరింది.

మర్నాడు మేం వెళ్ళేసరికి వీధి గుర్తుపట్టలేకుండా ఉంది. ఊరంతా ఊడ్చేవాళ్ళు తమ వీధిని ఎంత బాగా ఊడ్చుకుంటారో ఆ రోజు చూశాను. రెండు వరసల ముందూ ముగ్గులు. కొళాయి పక్కన మా కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచారు. ఎదర వరస పెద్దమనిషి ఇంటినుంచి స్టీలు గ్లాసులు వచ్చాయి, సీసాలో చల్లటి షర్బత్ వచ్చింది. బంతిపూల దండ అప్ప చేతిలో ఉంది. రెండు వరసల వాళ్ళూ కలిసి నిలబడ్డారు. అది చూసి గార్డుబాబు కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు మాత్రం భయం వేసింది. మా వైపు ఇంటికి పెద్ద చుట్టం వచ్చినప్పుడు ఎలా ఉంటారో నాకు తెలుసు. ఉన్న మంచి గ్లాసు బయటికొస్తుంది, ఉన్న కష్టం లోపలికి పోతుంది.

అధికారి దండ వేయించుకుని, షర్బత్ తాగి, కుర్చీలో కూర్చున్నాడు. అప్పని దగ్గరికి పిలిచి, నా చేత తెలుగులో అడిగించాడు. ఈ కొళాయి దగ్గర మీకేమైనా ఇబ్బంది ఉండేదా? నేను అడిగాను. ఆయన అన్న మాటే అడిగాను, కానీ నా గొంతులో ఉన్నదంతా పెట్టి అడిగాను.

అప్ప నా మొహం చూసింది, గార్డుబాబు మొహం చూసింది. పైట భుజం నిండా కప్పుకుని చేతులు జోడించింది.

"మాకేటి ఇబ్బంది బాబూ. ఏటీ నేదు. అంతా బాగుంది."

మునుపు కూడా లేదా అని ఆయన అడిగాడు. మునుపు ఎవరైనా నీళ్ళు పట్టుకోనిచ్చేవాళ్ళు కాదా?

"ఎవులు ఆపుతారు బాబూ. అందరూ మా ఊరోలే కదా. అన్నదమ్ముల్లాగ ఉంతాం. ఈ పంతులమ్మ, ఈ గార్డుబాబు మమ్మల్ని సల్లగా సూసుకుంతన్నారు. ఈలుండగా మాకు కట్టమేటి?"

నేను హిందీలోకి చెప్పడం మొదలుపెట్టి ఆగిపోయాను. ఈమె మర్యాద కోసం అలా అంటోంది, అసలు సంగతి అది కాదు అని హిందీలో అన్నాను. అధికారి చెయ్యెత్తి, "బహన్‌జీ, ఆమె ఏమందో అంతే చెప్పండి" అన్నాడు. ఈలోగా అప్ప కోడలు నాకు సాయం చేద్దామనుకుని గబగబా హిందీలో చెప్పేసింది. సబ్ ఠీక్ హై సాబ్, కోయీ తక్లీఫ్ నహీ, ఏ కష్టమూ లేదని. వెనకనుంచి రెండు వరసల వాళ్ళూ అవునవునని తలలూపారు. ఆయన ఇంకో ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. అందరిదీ అదే జవాబు. అందరి మొహాల్లోనూ అదే వెలుగు, బడిలో పిల్లలు పంతులుగారి పరువు నిలబెట్టినప్పటి వెలుగు. నేర్పకుండా రావాలని గార్డుబాబు పట్టుబట్టిన మాట అదే.

అధికారి జీపు మలుపు తిరగ్గానే అప్ప నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఆమె ఎన్నడూ నన్ను ముట్టుకోలేదు.

"బాగా సెప్పినానా పంతులమ్మా?"

ఎందుకలా చెప్పావని అడిగాను, ఎంత మెల్లిగా అడగగలనో అంత మెల్లిగా. ఆమె ఆశ్చర్యపోయింది.

"మరెలగ సెప్పాలి? మీరుండగా మాకు కట్టాలున్నాయంటే మీకు మాట రాదా? పైనుండి వచ్చినోడి ముందర నాను మీ పరువు తియ్యనా? అదీగాక, ఎదర వరసోలు పక్కనే ఉన్నారు. షర్బత్తు ఆలింటిదే. ఆల మొకం మీద ఎలగంతాను?"

బాగా చెప్పావప్పా అన్నాను. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆ గరుకుదనం నాకిప్పటికీ గుర్తుంది.

ఉత్తరం వానలు పడ్డాక వచ్చింది. మమ్మల్ని మెచ్చుకుంటూ రాశారు. ఆ వీధి ప్రజలు కలిసిమెలిసి ఉన్నారనీ, ఫిర్యాదులేవీ లేవనీ, కమిటీ ఉద్దేశం నెరవేరింది కాబట్టి ఇక గ్రాంటు అవసరం లేదనీ, సభ్యుల సేవకు కృతజ్ఞతలనీ. పక్క పేటలో ఒక కమిటీ ఉండేది. వాళ్ళు వచ్చిన ప్రతి తగువుకీ కాగితం రాయించేవాళ్ళు, ఒక్కటీ తేల్చేవాళ్ళు కాదు. ఫిర్యాదులు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి అవసరం ఉందని వాళ్ళకి గ్రాంటు ఇంకాస్త పెంచారు. అది విన్న రోజు నేను ఇంట్లో మావారి మీద అరిచాను. ఆయన చేసిన తప్పేమీ లేదు. జ్వరం లేదు కాబట్టి మందు మానేశారు, మందు వేసుకుంటున్నారు కాబట్టే జ్వరం లేదని ఎవరికి చెప్పుకోవాలి అని అరిచాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, నేను ఏడ్చేదాకా ఊరుకున్నారు.

ప్యూను వచ్చి రేకు బోర్డు ఊడదీసి, కుర్చీ మడిచి రిక్షాలో వేసుకుపోయాడు. దండ వేసిన రోజు కుర్చీకి అంటిన బంతిపూల మరక ఇంకా ఉంది.

గార్డుబాబు మర్నాడు తన ఇంట్లోని కుర్చీ తెచ్చుకున్నాడు. ఇనప గొట్టాలకు ఎర్రటి ప్లాస్టిక్ తీగ అల్లిన కుర్చీ, ఒక చేతి దగ్గర తీగ ఊడింది. కొళాయి పక్కన అదే చోట వేసుకుని, అలాగే నిటారుగా కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. ఎదర వరస పెద్దమనిషి ఒక పొద్దున వచ్చి, "ఏటి గార్డుబాబూ, ఇంకా ఇక్కడే కూకున్నారు? మీ ఆపీసు ఎత్తేసినారంట కదా" అన్నాడు. గౌరవంగానే అన్నాడట. మర్నాడు, ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకునే చోట మగవాళ్ళు కూర్చుంటే బాగోదు అన్నాడట. ఆ మర్నాటి పొద్దున ఎవరో ఆ కుర్చీ వేసే చోట పేడనీళ్ళు పోశారు.

సాయంత్రాలు నేను వెళ్ళాను. నాకు మొండితనం ఎక్కువని చెప్పాను కదా. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా పక్కనుంచి వెళ్ళి బిందెలు పెట్టుకున్నారు, నేను పేరు పిలిచినా వినపడనట్టే నింపుకున్నారు. ఏ హోదాలో కూర్చున్నారమ్మా అని ఒక చదువుకున్న కుర్రాడు హిందీలో అడిగాడు. ఊడ్చేవాళ్ళ వరస నుంచి బిందె తెచ్చిన వాళ్ళు నన్ను చూసి, ఎదరవాళ్ళని చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. నేను అక్కడ ఉండడం వాళ్ళకి మేలు చెయ్యకపోగా, వాళ్ళని ఇబ్బందిలో పెడుతోందని తెలిసి మానేశాను. కమిటీ వచ్చాక క్లాసుని కూడా ఆ గదిలోకే మార్చాను కాబట్టి అది కూడా పోయింది.

గార్డుబాబుని చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఎర్ర కుర్చీ వరండాలో గోడకి తిప్పి పెట్టి ఉంది. నాకింకా ఆయన మీద కోపం పోలేదు. అధికారి వచ్చే ముందు రోజు నన్ను వీధిలోకి వెళ్ళనిచ్చి ఉంటే అని అందామనే వెళ్ళాను. ఆయనే అన్నాడు. "గార్డుకి ఒకటే పనమ్మా. బండి వెనకాల చూసుకోడం. ఆఖరి డబ్బా వచ్చిందా లేదా. నాను ముందుకే చూసీసాను." ఆ మాటకి నా కోపం ఎటు పోయిందో తెలియదు. మీరు చేసింది తప్పు కాదని చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. ఇద్దరం పాలు లేని టీ తాగాం.

ఆ తరవాత చాలా నెలలు నేను ఆ వీధికి వెళ్ళలేదు. స్టేషన్‌లో ఎవరినో ఎక్కించడానికి వెళ్ళి, వచ్చేటప్పుడు రిక్షావాణ్ణి అటు తిప్పమన్నాను. సాయంత్రం నీళ్ళ వేళ. వీధి మొదట్లోనే దిగి నడిచాను. దూరం నుంచే కొళాయి కనిపించింది. మకిలి ఎక్కడా లేదు. బూడిదతో తోమి తోమి, బంగారంలా తళతళలాడుతోంది.

దానికి కొంత దూరంలో బిందెలు వరసగా ఉన్నాయి. వాటి వెనక అప్ప, కోడలు, ఇంకొందరు. కోడలు నెల్లాళ్ళ పసిబిడ్డని భుజాన వేసుకుని ఉంది. జంషెడ్‌పూర్లో పుట్టిన ఆ పిల్ల, సర్కారు కుర్చీ ఉన్నన్నాళ్ళూ పాట పాడుకుంటూ కొళాయి తిప్పిన పిల్ల, అత్తగారి పక్కన అదే దూరంలో నిలబడింది. ఎదర వరసామె చెంబుతో నీళ్ళు పట్టి, చెయ్యి పైకెత్తి అప్ప బిందెలో పోస్తోంది. సగం నీళ్ళు నేలపాలవుతున్నాయి. అప్ప బిందెని అటూ ఇటూ జరుపుతూ పడినంత పట్టుకుంటోంది.

అప్పుడు ఆమె నన్ను చూసింది. చెంబు ఖాళీ అయింది కాబట్టి బిందె వదిలి నా వైపు రెండడుగులు వేసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. అది చూసి ఆమె కంగారుపడింది. నా కష్టం తీర్చాలన్నట్టు, పాట్నా నుంచి వచ్చిన ఆ పెద్దమనిషితో అన్నట్టే, పైట కప్పుకుని నవ్వింది.

"ఏటీ ఇబ్బంది నేదు పంతులమ్మా" అంది. "అంతా బాగుంది. నువ్వు బెంగెట్టుకోకు."